‘వైరల్ మార్కర్లు నెగటివ్’: ఒక లివర్ క్యాన్సర్ కేసు

మా వార్డులో లివర్ క్యాన్సర్ రోగి చేరగానే కేస్ షీట్ మొదటి పేజీలో ఒక వరస నింపుతాం. హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బి వైరస్ గుర్తు), హెచ్‌సీవీ (హెపటైటిస్ సి), హెచ్‌ఐవీ, మూడు గళ్ళు. ల్యాబులో కార్డు మీద చుక్క సీరం వేసి పావుగంట ఆగుతారు. ఒక గీత పడితే నెగటివ్, రెండు పడితే పాజిటివ్. ఈ కేసులో మూడు గళ్ళలోనూ నెగటివ్ అనే ఉంది. రాత మా పీజీది (స్పెషాలిటీ చదువుతున్న జూనియర్ డాక్టరు), కింద సంతకం నాది. ఆ సంతకం పెట్టడానికి నాకు పట్టింది రెండు సెకన్లు. దాన్ని సరిదిద్దడానికి రెండు నెలలు పట్టింది.

రోగిని ఎవరూ గుర్తుపట్టకుండా వయసు, పని, ఇంటి వివరాలు కొంచెం అటూ ఇటూ చేశాను. వైద్యానికి సంబంధించినవి మార్చలేదు.

నేపథ్యం

ఆయనకు యాభై దాటాయి. ఉత్తర తెలంగాణ పల్లె. బోరు మోటార్లు విప్పి బిగించే పని, ఇంటి తిండికి సరిపడా వరి. షుగర్ లేదు, బీపీ లేదు, బొజ్జ లేదు. సాయంత్రం కల్లు, దావతు ఉన్నరోజు క్వార్టర్. అదీ ఆరేళ్ళ కిందట మానేశాడు. కల్లు మాత్రం ఎండాకాలంలో అప్పుడప్పుడూ.

సెప్టెంబరులో జ్వరం వచ్చింది. అయిదో రోజుకి దగ్గర్లోని టౌన్‌లో చేర్చారు. ప్లేట్‌లెట్లు 38 వేలు, లివర్ దెబ్బతింటే పెరిగే ఎంజైములు ఎస్‌జీఓటీ 240, ఎస్‌జీపీటీ 118. డెంగీ పరీక్ష పాజిటివ్. కడుపు నొప్పి అంటున్నాడని స్కాన్ తీశారు. కడుపులో కొద్దిగా నీరు, పిత్తాశయం గోడ ఉబ్బు, ప్లీహం కాస్త పెద్దది, లివర్ ‘గరుకుగా’ ఉంది. వీటన్నిటితోపాటు కుడి లోబ్‌లో నాలుగు సెంటీమీటర్ల గడ్డ.

జ్వరం తగ్గింది. డిశ్చార్జి సమ్మరీలో మొదటి లైను: ‘ఆల్కహాల్ వల్ల సిర్రోసిస్, కడుపులో నీరు, లివర్ గడ్డ.’ సిర్రోసిస్ అంటే లివర్ మచ్చలు పడి గట్టిపడిపోవడం. డెంగీ మాట ఆరో లైనులో ఉంది.

ఆ డాక్టర్లను నేను తప్పుపట్టను. ప్లేట్‌లెట్లు పడిపోయాయి, నీరు చేరింది, ప్లీహం పెరిగింది, ఎస్‌జీఓటీ ఎస్‌జీపీటీకి రెట్టింపు ఉంది, మనిషి తాగుతాడు. తాగుడు సిర్రోసిస్ గురించి పుస్తకంలో చదివినదంతా కళ్ళెదురుగా ఉంది. చిక్కేమిటంటే ఇవే అయిదింటిలో నాలుగు డెంగీలోనూ వస్తాయి. డెంగీలో రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరి కడుపులో నీరు కనిపిస్తుంది, పిత్తాశయం గోడ ఉబ్బుతుంది, ఎస్‌జీఓటీ ఎక్కువ లేస్తుంది. వానాకాలంలో జ్వరం మీదున్న మనిషికి లివర్ సిర్రోసిస్ అని పేరు పెట్టడం, వరద వచ్చిన రోజున చెరువు లోతు కొలవడం లాంటిది. వరద తీశాక మళ్ళీ కొలవాలి. కొలవాల్సింది మేం.

మా దగ్గరికి వచ్చినప్పుడు

అక్టోబరు చివర్లో ఓపీకి వచ్చాడు. కుడి పక్కటెముకల కింద బరువుగా ఉంటోందనీ రెండు నెలల్లో నాలుగు కిలోలు తగ్గాననీ చెప్పాడు. కామెర్లు లేవు, కాళ్ళ వాపు లేదు. లివర్ పనితీరు చెప్పే బిలిరుబిన్ 0.9, ఆల్బుమిన్ 3.9, ఐఎన్‌ఆర్ 1.1, ప్లేట్‌లెట్లు 1.92 లక్షలు, అన్నీ మామూలే. లివర్ క్యాన్సర్‌లో పెరిగే ఏఎఫ్‌పీ 31. కొంచెం ఎక్కువే గానీ దాన్నిబట్టి ఏదీ తేల్చలేం.

ట్రైఫేజిక్ సీటీలో (కాంట్రాస్ట్ మందు ఎక్కించి వేర్వేరు దశల్లో తీసే స్కాన్) గడ్డ 4.1 సెంటీమీటర్లు. ధమనుల దశలో వెలిగి, సిరల దశలో చుట్టూ ఉన్న లివర్ కంటే నల్లబడింది. హెపటోసెల్యులర్ కార్సినోమాకు, అంటే లివర్ కణాల్లోనే పుట్టే క్యాన్సర్‌కు, అచ్చమైన తీరు ఇది. పోర్టల్ సిరలో (పేగుల నుంచి లివర్‌కు రక్తం తెచ్చేది) గడ్డ లేదు, ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి.

ఇక్కడ ఒక నియమం చెప్పాలి, తర్వాతి కథంతా దీని మీదే నడుస్తుంది. మిగతా క్యాన్సర్లకు చాలావరకు ముక్క తీసి పరీక్ష చేయందే పేరు పెట్టం. లివర్ క్యాన్సర్‌కు మాత్రం సీటీ లేదా ఎమ్మారై చూసి బయాప్సీ లేకుండానే నిర్ధారణ చేయవచ్చు. కానీ ఆ సౌకర్యం రోగికి సిర్రోసిస్ గానీ దీర్ఘకాలిక హెపటైటిస్ బి గానీ ఉన్నప్పుడే. అవి రెండూ లేని లివర్‌లో అలాగే వెలిగి అలాగే నల్లబడే గడ్డలు వేరేవీ ఉంటాయి. కాబట్టి సిర్రోసిస్ ఉందా, బి వైరస్ ఉందా అన్నవి తేలకుండా సీటీని నమ్మకూడదు. మా చేతిలో సిర్రోసిస్ అని రాసిన కాగితం ఉంది. నమ్మేశాం.

మొదటి నిర్ణయం, అది ఎందుకు తప్పు

ట్యూమర్ బోర్డులో (వేర్వేరు విభాగాల డాక్టర్లు కూర్చుని క్యాన్సర్ వైద్యం నిర్ణయించే సమావేశం) ఈ కేసుకు పట్టింది ఏడెనిమిది నిమిషాలు. సిర్రోసిస్, ఒకప్పుడు కడుపులో నీరు, కాబట్టి పోర్టల్ ప్రెషర్ ఎక్కువ ఉంటుంది, కాబట్టి లివర్ కోస్తే మిగిలిన ముక్క తట్టుకోదు. గడ్డ మూడు సెంటీమీటర్లు దాటింది, సూదితో కాల్చినా పూర్తిగా చావకపోవచ్చు. ట్రాన్స్‌ప్లాంటుకు మిలాన్ ప్రమాణాల లోపలే ఉన్నాడు (ఒక్క గడ్డ, అయిదు సెంటీమీటర్లలోపు), కానీ ఇంట్లో దాతలు లేరు, డబ్బూ లేదు. మిగిలింది టేస్. తొడ దగ్గర ధమనిలోంచి సన్నటి గొట్టం పంపి, గడ్డకు రక్తం తెచ్చే కొమ్మలోకి లిపియోడాల్ అనే నూనెతో కలిపిన డాక్సోరుబిసిన్ అనే కీమో మందు వదిలి, ఆ కొమ్మను మూసేయడం.

ప్రతి ‘కాబట్టి’ ముందుదాని మీద నిలబడింది. మొట్టమొదటిది ఒక డిశ్చార్జి సమ్మరీ మీద నిలబడింది. మా కేస్ షీట్‌లోకి దాన్ని పీజీ దించాడు, ట్యూమర్ బోర్డు స్లైడులోకి నేను దించాను, ప్రభుత్వ ఆరోగ్య పథకం అనుమతి ఫారంలోకి మా కోఆర్డినేటర్ దించాడు. గొర్రెదాటు. మూడో చోటికి చేరేసరికి అది అనుమానం కాదు, చరిత్ర అయిపోయింది.

సీటీ రిపోర్టు నాలుగో లైనులో ‘లివర్ అంచు నునుపుగా ఉంది, ప్లీహం మామూలు సైజు, నీరు లేదు’ అని రేడియాలజిస్టు స్పష్టంగా రాశారు. గడ్డ గురించిన పేరా కింద ఉంటుంది, కళ్ళు నేరుగా అక్కడికే పోతాయి. ప్లేట్‌లెట్లు 1.92 లక్షలన్న సంగతీ మా ముందే ఉంది. నెల కిందట 38 వేలున్న ప్లేట్‌లెట్లు సిర్రోసిస్‌లో అయితే అంతలోనే అలా లేవవు.

టేస్ చేశాం. వాంతులు, జ్వరం రాకుండా మూడు రోజులు డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చాం. మా యూనిట్‌లో అప్పటికి అది అలవాటు.

రెండోసారి పెరిగిన ఎస్‌జీపీటీ

టేస్ తర్వాత లివర్ ఎంజైములు పెరగడం మామూలే. మూడో రోజు ఎస్‌జీపీటీ 160, పదో రోజుకి 58. అనుకున్నట్టే దిగింది. ఇరవై ఎనిమిదో రోజు ఓపీకి వచ్చినప్పుడు 214.

అదే రోజు సీటీ కూడా వచ్చింది. గడ్డలో సగం చచ్చింది, వెనక వైపు సుమారు 2.6 సెంటీమీటర్ల భాగం ఇంకా వెలుగుతోంది. ‘ఇంకోసారి టేస్ వేద్దాం’ అని బోర్డులో ఒకరన్నారు. మామూలుగా నేనూ అదే అనేవాణ్ని. ఎస్‌జీపీటీ ఆపింది. ధమని మూసినందువల్ల చచ్చిన లివర్ కణాలు ఎంజైములను వదిలేది మొదటి వారంలోనే. ఒకసారి దిగినది మళ్ళీ లేచిందంటే దెబ్బ కొత్తది. అదేమిటో తెలీకుండా అదే లివర్‌కు మళ్ళీ కీమో పంపడం నాకు నచ్చలేదు.

కొత్త దెబ్బకు మామూలు కారణాలు నాలుగు: కొత్తగా వేసుకున్న మందు, కలుషిత నీటి వల్ల వచ్చే ఎ, ఇ వైరస్‌లు, మళ్ళీ మొదలైన తాగుడు, మన దగ్గర మరిచిపోకూడని నాలుగోది పసరు. తాగుడు లేదని భార్య ఒట్టేసి చెప్పింది. ఎ, ఇ నెగటివ్. మందులు పాతవే. పసరు గురించి అడిగాను. మన జిల్లాల్లో ఇది అడగాల్సిన తీరు ఒకటుంది. ‘నాటుమందు వాడారా’ అంటే లేదంటారు. ‘కామెర్లకని ఎక్కడన్నా పసరు పోయించుకున్నారా, చెయ్యి కాల్పించుకున్నారా’ అని ఆచారం పేరు పెట్టి అడిగితే చెప్తారు.

‘ఇప్పుడైతే లేదు సార్’ అన్నాడాయన. ‘గప్పుడెప్పుడో గల్ఫ్ పోదామని మెడికల్‌కు పోయినప్పుడు పోయించుకున్న. మూడు దినాలు. పత్యం గూడ ఉన్న.’

‘మెడికల్‌కు పోతే పసరెందుకు?’

‘అన్‌ఫిట్ అన్నరు గద సార్. ఎందుకని అడిగితే ఏజెంటు, నెత్తుర్ల కామెర్లున్నయ్ అన్నడు. పసరు పోసినాయన తగ్గిపోయిందన్నడు. మంచిగనే ఉన్న. ఇగ ఊకున్న.’

నేను పెన్ను పక్కన పెట్టాను. గల్ఫ్ దేశాలకు వెళ్ళే కార్మికులకు వీసా ముందు చేసే వైద్య పరీక్షలో హెపటైటిస్ బి, సి, హెచ్‌ఐవీ ఉంటాయి. ఏదైనా పాజిటివ్ వస్తే అన్‌ఫిట్. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపు ప్రతి ఊళ్ళోనూ ఈ మాట తెలుసు. ఏ పరీక్ష వల్ల అన్‌ఫిట్ అయ్యారో మాత్రం చాలామందికి తెలియదు.

పక్క వారం వాళ్ళావిడ ఆ చీటీ తెచ్చింది. రేషన్ కార్డు జిరాక్సు, ఎల్‌ఐసీ బాండు ఉన్న ప్లాస్టిక్ కవర్‌లో నాలుగు మడతలు పెట్టి ఉంది. మడత దగ్గర కాగితం చిరిగి బట్టలా అయింది. పాస్‌పోర్టు ఫొటోలో ఆయనకు నిండా జుట్టు. ఎర్ర ముద్ర వెలిసి గులాబీ రంగుకు తిరిగింది. దాని పక్కన చేతిరాతలో ‘హెచ్‌బీఎస్‌ఏజీ రియాక్టివ్’. తేదీ చూస్తే ఇరవై ఏళ్ళు దాటింది.

‘పారెయ్యలేదేం?’ అని అడిగాను.

‘ఇరవై వేలు కట్టినం సార్ ఏజెంటుకు. మళ్ళ అడుగుదామని దాచిన’ అంది.

మళ్ళీ చేసిన పరీక్షలు

ఒకప్పుడు రియాక్టివ్, ఇప్పుడు కార్డు మీద నెగటివ్. రెండు దారులున్నాయి. వైరస్ పై పొర ప్రోటీన్, అంటే హెచ్‌బీఎస్‌ఏజీ (మా పెద్ద డాక్టర్లు ఇప్పటికీ దీన్ని ఆస్ట్రేలియా యాంటిజెన్ అనే అంటారు), ఉండీ కార్డుకు అందనంత తక్కువగా ఉండవచ్చు. లేదా నిజంగానే పోయి ఉండవచ్చు. దీర్ఘకాలిక రోగుల్లో ఏటా సుమారు నూటికి ఒకరిలో అది దానంతటదే పోతుంది.

కార్డు కంటే సున్నితంగా పట్టే మెషిన్ మీద రక్తం పెట్టించాం. హెచ్‌బీఎస్‌ఏజీ అక్కడా నెగటివే. కోర్ యాంటీబాడీ (మొత్తం) పాజిటివ్, అంటే ఎప్పుడో వైరస్ సోకింది. కొత్తగా సోకినప్పుడు కనిపించే దాని ఐజీఎం నెగటివ్. రక్షణ ఇచ్చే సర్ఫేస్ యాంటీబాడీ లేదు. హెచ్‌బీవీ డీఎన్‌ఏ మిల్లీలీటరుకు 1,340 అంతర్జాతీయ యూనిట్లు.

పై గుర్తు కనబడకుండా లోపల డీఎన్‌ఏ ఉండే ఈ స్థితిని ఆకల్ట్ హెపటైటిస్ బి అంటారు. దాగిన బి అనవచ్చు. సాధారణంగా అందులో డీఎన్‌ఏ 200 లోపే ఉంటుంది. ఇంత ఉందంటే డాక్సోరుబిసిన్, డెక్సామెథసోన్ కలిసి నిద్రపోతున్న వైరస్‌ను లేపాయనే మా అంచనా. టేస్‌కు ముందు ఎంత ఉందో చూసుకుని ఉంటే అంచనా అనే మాట వాడాల్సి వచ్చేది కాదు.

బి వైరస్‌ను అణిచే మాత్ర ఎంటెకావిర్ 0.5 మిల్లీగ్రాములు అదే రోజు మొదలుపెట్టాం. అదే పని చేసే టెనోఫోవిర్ ఎందుకు కాదంటే, రాబోయే నెలల్లో ఈయనకు కాంట్రాస్ట్ సీటీలు వరసగా పడతాయి, కిడ్నీల మీద ఇంకో భారం ఎందుకని. ఎంటెకావిర్‌కు ఒక తిప్పలుంది. తిన్న రెండు గంటల తర్వాత వేసుకోవాలి, వేసుకున్నాక రెండు గంటలు తినకూడదు. ఆయన పొద్దున అయిదింటికే చాయ్ తాగి పొలానికి పోతాడు. ‘చాయ్ కూడా తిండేనా సార్?’ అని అడిగాడు. పాలు, చక్కెర ఉన్నాయి కాబట్టి తిండే అన్నాను. చివరికి రాత్రి ఏడింటికి భోజనం, పదింటికి టీవీ ఆపేముందు మాత్ర అని ఇద్దరం ఒప్పుకున్నాం. రెండేళ్ళుగా తప్పలేదు.

ఆ తర్వాత ముందే చేయాల్సిన పని చేశాం. సిర్రోసిస్ ఉందా అని చూశాం. ఎస్‌జీపీటీ దిగాక తీసిన, లివర్ గట్టిదనం కొలిచే ఫైబ్రోస్కాన్‌లో 7.9 కిలోపాస్కల్స్. ఎండోస్కోపీలో ఉబ్బిన సిరలు లేవు. గడ్డ నుంచి ఒక ముక్క, దానికి దూరంగా ఉన్న లివర్ నుంచి ఇంకో ముక్క తీశాం. మొదటిది క్యాన్సరే. సీటీ చెప్పింది నిజమే, మేం మాత్రం తప్పు కారణంతో నమ్మాం. రెండోదాంట్లో రెండో దశ ఫైబ్రోసిస్ (మచ్చలు). సిర్రోసిస్ లేదు.

తాగుడు వల్ల వచ్చే లివర్ క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ సిర్రోసిస్ దారిలోనే వస్తుంది. సి వైరస్ కూడా చాలావరకు అంతే. అది ఆర్‌ఎన్‌ఏ వైరస్, మన క్రోమోజోముల్లోకి చొరబడదు. లివర్‌ను ఏళ్ళ తరబడి మచ్చలు పడేలా చేసి, ఆ మచ్చల్లోంచి క్యాన్సర్‌కు దారిస్తుంది. బి వైరస్ తీరు వేరు. దాని డీఎన్‌ఏ ముక్కలు మన కణాల డీఎన్‌ఏలోకి అతుక్కుంటాయి. కణం విభజనను అదుపులో పెట్టే జన్యువుల పక్కన పడితే, సిర్రోసిస్ రాకపోయినా గడ్డ పుడుతుంది. హెచ్‌బీఎస్‌ఏజీ పోయినా ఆ అతుకులు పోవు. యాభై దాటాక హెచ్‌బీఎస్‌ఏజీ పోయినవాళ్ళలో క్యాన్సర్ ముప్పు మిగిలే ఉంటుందనడానికి ఇదొక కారణం. ఈయన లివర్‌కు నప్పే వివరణ ఇదే.

లివర్ క్యాన్సర్ రోగుల్లో వైరస్ ఎంతమందికి ఉంది?

పీజీలు పరీక్షల కోసం బట్టీపట్టే ప్రశ్న ఇది. ప్రపంచం మొత్తం మీద హెపటోసెల్యులర్ కార్సినోమాలో సుమారు సగం బి వైరస్‌కు, అయిదో వంతు సి వైరస్‌కు లెక్కగడతారు. ఆసియా, ఆఫ్రికాల్లో బి ఎక్కువ. జపాన్‌లో చాలాకాలం సి ముందుంది. మన దేశంలో వైరస్‌ల వరకు చూస్తే బి ముందుంది, తాగుడు, కొవ్వు లివర్ వాటా పెరుగుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024 నివేదిక ప్రకారం 2022లో దీర్ఘకాలిక హెపటైటిస్ బి ఉన్నవాళ్ళు ప్రపంచంలో 25.4 కోట్లు, అందులో 2.98 కోట్లమంది ఇండియాలోనే. సి ఉన్నవాళ్ళు 5 కోట్లు, ఇండియాలో 55 లక్షలు.

బి వైరస్‌కూ ఈ క్యాన్సర్‌కూ ఉన్న చుట్టరికాన్ని తేల్చింది తైవాన్ అధ్యయనం. పామర్ బీస్లీ బృందం 22,707 మంది మగ ప్రభుత్వోద్యోగుల రక్తం పరీక్షించి కొన్నేళ్ళు వెంట చూసింది. 1981లో ఫలితం ప్రచురించేనాటికి లివర్ క్యాన్సర్‌తో పోయినవాళ్ళు 41 మంది. వాళ్ళలో 40 మంది హెచ్‌బీఎస్‌ఏజీ ఉన్నవాళ్ళు. ముప్పు 223 రెట్లు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ మధ్య కూడా ఇంత పెద్ద తేడా లేదు.

ఈ లెక్కలన్నిటిలోనూ ‘వైరస్ ఉంది’ అంటే మామూలుగా హెచ్‌బీఎస్‌ఏజీ ఉందని అర్థం. మా రోగి ఏ లెక్కలోనైనా ‘వైరస్ లేదు, తాగుడు’ అనే గడిలో పడేవాడు. మా రిజిస్టర్లో నిజంగానే అలా పడ్డాడు, నేను చెరిపి రాసేదాకా. కాబట్టి ఎవరైనా ఒక ఆసుపత్రి శాతం చెబితే నేను మొదట అడిగేది: ఏ పరీక్షతో? కార్డుతోనా, మెషిన్‌తోనా? కోర్ యాంటీబాడీ చూశారా? డీఎన్‌ఏ?

దీన్ని రెండో వైపు లాగడమూ తప్పే. కోర్ యాంటీబాడీ పాజిటివ్ అంటే ఎప్పుడో ఒకప్పుడు వైరస్ సోకిందనే అర్థం, మన దేశంలో అలాంటి పెద్దవాళ్ళు కొల్లలు. బాగా తాగి సిర్రోసిస్ వచ్చి క్యాన్సర్ వచ్చినవాడిలో కోర్ పాజిటివ్ కనిపిస్తే, నేరం వైరస్‌ది అని నేను రాయను. ఈ కేసులో రాశానంటే మూడు కలిసి వచ్చాయి కాబట్టి: సిర్రోసిస్ లేని లివర్, రక్తంలో డీఎన్‌ఏ, ఇరవై ఏళ్ళనాటి చీటీ. ఏ ఒక్కటీ విడిగా చాలదు. బూజు పట్టిన వేరుశనగ, మొక్కజొన్నల్లోని అఫ్లాటాక్సిన్ సంగతి ఒక పీజీ అడిగింది. మంచి ప్రశ్న. బి వైరస్‌తో కలిస్తే అది ముప్పును బాగా పెంచుతుంది. ఆయన ఇంట్లో రెండూ పండించేవారు ఒకప్పుడు. అంతకుమించి తేల్చే దారి మాకు లేకపోయింది.

పని చేసింది

సిర్రోసిస్ అన్న మాట పోగానే ట్యూమర్ బోర్డు రెండో సమావేశం మొదటిదానికి తలకిందులైంది. లివర్ బాగుంది, ప్రెషర్ లేదు, గడ్డ ఒకటే, కుడి వెనక భాగంలో ఉంది. ఆ భాగం కోసి తీస్తే మిగిలే లివర్ చాలినంత ఉంటుంది. మిగిలిన 2.6 సెంటీమీటర్లను కాల్చేస్తే సరిపోతుందని ఒకరు వాదించారు. సర్జన్ ఒప్పుకోలేదు, నేనూ ఒప్పుకోలేదు. టేస్ తర్వాత గడ్డ అంచు ఎక్కడిదాకా ఉందో చిత్రంలో నమ్మకంగా కనబడదు. పైగా చుట్టుపక్కల కొమ్మల్లోకి పాకిన కణాలు ఉంటే, ఆ రక్తనాళం కింద ఉన్న భాగం మొత్తం తీస్తేనే పోతాయి.

ఎంటెకావిర్ మొదలుపెట్టిన నాలుగు వారాలకు ఎస్‌జీపీటీ 61కి దిగింది. అంతదాకా ఆగడం కష్టమే అయింది. ‘క్యాన్సరని చెప్పి నెల రోజులు ఊకుంటరా సార్’ అని కొడుకు గట్టిగానే అడిగాడు. రగులుతున్న లివర్‌ను కోస్తే మిగిలిన ముక్క ఇబ్బంది పడుతుందని, వైరస్ అదుపులో ఉంటే మళ్ళీ రాకుండా కూడా కొంత రక్షణ అని చెప్పాను. సగం నమ్మాడు.

ఆపరేషన్ అయిదు గంటలు. పిత్తం కొద్దిగా కారి డ్రెయిన్ తొమ్మిది రోజులు ఉంచాల్సి వచ్చింది, దానంతటదే ఆగింది. అంచులు శుభ్రం, సూక్ష్మ రక్తనాళాల్లో క్యాన్సర్ లేదు. మూడో నెలకు డీఎన్‌ఏ కనబడటం మానేసింది. ఇది రాసేనాటికి ఇరవై ఆరు నెలలు, సీటీలో కొత్త గడ్డ లేదు. కోసి తీసిన తర్వాత కూడా ఈ జబ్బు అయిదేళ్ళలో సగం మందికి పైగా తిరిగి వస్తుంది కాబట్టి ఆయన్ని ‘నయమైంది’ అని నేను ఇంకా అనలేదు. ఆయనా అడగడు. రిపోర్టు నా చేతికిచ్చి నా మొహం చూస్తాడు.

వార్డులో మార్చుకున్నవి

మూడు గళ్ళ వరస ఇప్పుడు నాలుగు గళ్ళయింది. నాలుగోది కోర్ యాంటీబాడీ. అది పాజిటివ్ అయితే టేస్‌కైనా, కీమోకైనా, స్టెరాయిడ్‌కైనా ముందు డీఎన్‌ఏ చూస్తాం, అవసరమైతే మందు మొదలుపెట్టాకే చేస్తాం. హెచ్‌బీఎస్‌ఏజీ పక్కన కార్డా, మెషినా అని రాయాలి. టేస్ తర్వాత అందరికీ డెక్సామెథసోన్ ఇచ్చే అలవాటు మానేశాం.

జ్వరంలో ఉన్నప్పుడు పెట్టిన సిర్రోసిస్ పేరును జ్వరం తగ్గిన ఆరు వారాలకు మళ్ళీ పరీక్షించకుండా మా కాగితంలోకి రానివ్వం. ‘తాగుతాడు’ అని రాయడం నిషేధం. ఎంత, ఎన్నేళ్ళు, ఎప్పుడు మానేశాడు అని అంకెల్లో రాయాలి. ఈయన అంకెలు వేసి చూస్తే అది సిర్రోసిస్ తెచ్చేంత తాగుడే కాదు.

ఇంకోటి ఫారంలో పట్టదు. ఉత్తర తెలంగాణ నుంచి, కోనసీమ నుంచి, కడప నుంచి వచ్చే మగవాళ్ళను ఇప్పుడు మేం అడుగుతున్నాం: ‘ఎప్పుడైనా గల్ఫ్ మెడికల్‌కు పోయారా? ఫిట్ అయిందా?’

ఇంటివాళ్ళు

ఆయన తల్లి యాభై ఏళ్ళకే ‘కడుపుబ్బి’ పోయింది. అప్పట్లో చేతబడి అనుకున్నారట. బి వైరస్ తల్లి నుంచి పుట్టిన బిడ్డకు సోకితే పది మందిలో తొమ్మిది మందికి జీవితాంతం ఉండిపోతుంది. పెద్దయ్యాక సోకితే నూటికి అయిదుగురిలోపే. వాళ్ళింట్లోనే ఇది కనబడింది. భార్యకు కోర్ యాంటీబాడీ ఉంది, సర్ఫేస్ యాంటీబాడీ కూడా ఉంది. అంటే కాపురంలో సోకింది, పోయింది. పిల్లలిద్దరికీ ఏదీ లేదు, మూడు డోసుల టీకా వేయించాం. కోడలు అప్పటికే ఆయనకు కంచం, గ్లాసు వేరుగా పెట్టేసింది. తిండితో, ముట్టుకుంటే రాదని, బ్లేడు, గోళ్ళ కత్తిరి మాత్రం వేరుగా ఉంచమని చెప్పి పంపాను. మరుసటి నెల గ్లాసు మళ్ళీ కలిసిందని ఆయన భార్య చెప్పింది.

చెల్లెలికి హెచ్‌బీఎస్‌ఏజీ పాజిటివ్, డీఎన్‌ఏ 58 వేలు, ఎస్‌జీపీటీ 61. ఒక్క లక్షణం లేదు. టెనోఫోవిర్ వాడుతోంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద జిల్లా కేంద్రంలో మందు ఉచితంగా ఇస్తున్నారు. ఆరు నెలలకోసారి స్కాన్‌కు వస్తుంది.

ఆమె కొడుకు 1999లో పుట్టాడు. హైదరాబాద్ శాంతా బయోటెక్నిక్స్ తొలి దేశీయ హెపటైటిస్ బి టీకా తెచ్చి అప్పటికి రెండేళ్ళు. ఊళ్ళో ఆరోగ్య కార్యకర్త చేతికి అది రావడానికి ఇంకా చాలా ఏళ్ళున్నాయి. దేశమంతటా పిల్లల టీకాల్లో చేరింది 2011లో. తల్లిని స్కాన్‌కు తీసుకొచ్చిన రోజు, పరీక్ష చేయించుకోమని అతనికి చెప్పాను. ఫోన్ వైపు చూస్తూ విన్నాడు. దుబాయ్ వీసా వచ్చిందట, వచ్చే నెల మెడికల్.

‘ఎట్లాగు అక్కడ చూస్తరు గద సార్. ముందే ఎందుకు?’

ఏ ఫలితం వచ్చినా ఆ చీటీ పారేయకుండా నా దగ్గరికి తెమ్మన్నాను. తల్లి ముందే ఒప్పుకున్నాడు. తల్లి తర్వాతి స్కాన్‌కు ఒంటరిగానే వచ్చింది. కొడుకేడని అడిగితే, ‘మెడికల్ అయింది సార్, ఏం జెప్తలేడు’ అంది.